చేయాలని తెలుసు, చేయాలనీ ఉంది, అయినా పని కదలదు

పది నిమిషాల్లో అయిపోయే పని. ఒక ఫారం నింపి పంపాలి, అంతే. కావాల్సిన కాగితాలన్నీ టేబుల్ మీదే ఉన్నాయి. అయినా మూడు వారాలుగా అది కదలదు. రోజూ గుర్తొస్తుంది, గుర్తొచ్చినప్పుడల్లా టెన్షన్, ఆ టెన్షన్ తప్పించుకోవడానికి ఇంకో పని. చివరి తేదీ నాటి రాత్రి మాత్రం అదే మనిషి ఏకబిగిన కూర్చుని పూర్తిచేసేస్తాడు. ఇంట్లోవాళ్లు దీన్ని బద్ధకం అంటారు. పెద్దవాళ్లలో ఏడీహెచ్‌డీ (ధ్యాసనీ దుడుకుతనాన్నీ అదుపులో పెట్టుకోవడం కష్టమయ్యే, మెదడు ఎదుగుదలకి సంబంధించిన సమస్య) తరచూ ఈ రూపంలోనే బయటపడుతుంది.

వీళ్లకి ఏకాగ్రతే ఉండదనుకోవడం పొరపాటు. నచ్చిన పనిలో పడితే తిండీ నిద్రా మరిచిపోతారు. ఇబ్బందల్లా ధ్యాసని కావాల్సిన వేళకి కావాల్సిన చోటికి మళ్లించుకోవడంలోనే. మెదడు ముందుభాగంలోని ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అనే భాగమూ, డోపమిన్, నారెపినెఫ్రిన్ అనే మెదడు రసాయనాలూ ఇందులో ముఖ్యపాత్ర వహిస్తాయి. ఇప్పుడే చేతికందే చిన్న ఫలితం ముందు, వచ్చే నెల దక్కే పెద్ద ఫలితం ఈ మెదడుకి వెలవెలబోతుంది. గడువు ముంచుకొచ్చాకే ఊపు రావడం అందుకే.

ఇది పిల్లల జబ్బనీ, పెద్దయ్యాక పోతుందనీ చాలాకాలం నమ్మారు. నిజానికి పెద్దవాళ్లలో సుమారు 2.5 శాతం మందిలో ఉంటుందని అంచనా. వయసుతో పరుగులూ గెంతులూ తగ్గుతాయి. లోపలి అలజడి, ఎదుటివాళ్ల మాట పూర్తవకముందే అందుకోవడం, చప్పున కోపం రావడం మిగులుతాయి. చిన్నప్పుడు అల్లరి చేయకుండా ఏదో లోకంలో ఉండిపోయిన ఆడపిల్లలను ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి, చాలామంది మహిళలకి ఈ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. వంశపారంపర్యం పాత్ర పెద్దది: కవలల అధ్యయనాల్లో అది 70 శాతం పైమాటే. పిల్లాడికి పరీక్ష చేయించడానికి వెళ్లిన తల్లో తండ్రో తమ సంగతి అక్కడ తెలుసుకోవడం అరుదేమీ కాదు.

రక్తపరీక్షతోనో స్కానింగ్‌తోనో ఇది తేలదు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక సమస్యల నిర్ధారణకి డాక్టర్లు వాడే అమెరికా ప్రామాణిక గ్రంథం) ప్రకారం పెద్దవాళ్లలో కనీసం 5 లక్షణాలు ఉండాలి, వాటిలో కొన్నయినా 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి, ఇల్లూ ఆఫీసూ లాంటి కనీసం రెండు చోట్ల కనిపించాలి. థైరాయిడ్ సమస్య, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, డిప్రెషన్, ఆందోళన కూడా ఇలాంటి మతిమరుపునీ పరాకునీ తెస్తాయి. రీల్స్ చూసి 'ఇది నేనే' అనుకోవడం డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి మంచి కారణమే, రోగనిర్ధారణ మాత్రం కాదు.

మందుల కథ అనుకోకుండా మొదలైంది. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టర్ బెంజెడ్రిన్ అనే ఉత్తేజక మందు ఇస్తే కొందరు పిల్లలు ఉన్నట్టుండి చదువు మీద కూర్చున్నారు. ఇప్పుడు మిథైల్‌ఫెనిడేట్ వంటివి ఎక్కువగా వాడతారు. ఆకలి, నిద్ర తగ్గవచ్చు, బీపీ, నాడి పెరగవచ్చు కాబట్టి డాక్టర్ పర్యవేక్షణ తప్పనిసరి. అటొమాక్సెటిన్ వేరే రకం, దాని ప్రభావం తెలియడానికి వారాలు పడుతుంది.

మందు మొదలుపెట్టినా ఫారం దానంతట అది నిండదు. 'డైరీ రాసుకో' అని సలహా ఇచ్చేవాళ్లకి కొదవలేదు, కానీ డైరీ తెరవాలన్న సంగతే గుర్తుండాలిగా! అందుకే గుర్తుచేసేది పని జరిగే చోటే కళ్లెదుట ఉండాలి: వేసుకోవాల్సిన మాత్ర బ్రష్ పక్కన, పట్టుకెళ్లాల్సిన కాగితం చెప్పుల మీద. జాబితాలో 'ఫారం నింపాలి' అని రాస్తే లాభం లేదు; 'కుర్చీలో కూర్చుని మొదటి గడిలో పేరు రాయాలి' అని రాయాలి. గంటలో అవుతుందనిపించిన పనికి రెండు గంటలు కేటాయించాలి. పక్కన ఎవరైనా తమ పని తాము చేసుకుంటూ కూర్చున్నా కొందరికి పని సాగుతుంది. పెద్దవాళ్ల కోసం రూపొందించిన సీబీటీ (ఆలోచనల తీరునీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్స)లోనూ ఇలాంటి అలవాట్లే ఒక్కొక్కటిగా నేర్పిస్తారు.

ఏ ఏర్పాటైనా కొన్నాళ్లకి పాతబడుతుంది. గోడమీది చీటీ అక్కడే ఉంటుంది, కంటికి ఆనదు. అప్పుడు తనను తాను తిట్టుకోవడం మాని చీటీ రంగో చోటో మార్చేయడమే పని.