పోయిన పర్సు, ముక్కూమొహం తెలియని మనుషులు

పర్సు పోయిందని చెప్పగానే ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "ఇంకేం దొరుకుతుంది, వదిలెయ్." నాకూ అలాగే అనిపించింది. తణుకులో బస్సెక్కి భీమవరంలో దిగాను, సోడా తాగి డబ్బులివ్వబోతే జేబు ఖాళీ. అందులో 2,340 రూపాయలు, డ్రైవింగ్ లైసెన్సు, ఏటీఎం కార్డు, ఆధార్ జిరాక్సు, అమ్మ కళ్ళజోడు కోసం డాక్టరు రాసిచ్చిన చీటీ ఉన్నాయి. ఆ రాత్రే కార్డు బ్లాక్ చేయించాను, డూప్లికేట్ లైసెన్సుకి ఎలా అప్లై చెయ్యాలో కనుక్కున్నాను. చెయ్యనిది ఒక్కటే, బస్టాండుకి వెళ్ళి అడగడం. మా ఇంటికి పది నిమిషాల దూరం. అడిగితే మాత్రం ఏం లాభం అనుకున్నాను.

ఈ "ఏం లాభం" దగ్గరే మనం ఎంత పొరపాటు పడుతున్నామో చూపించిన పరిశోధన ఒకటుంది. 2019 జూన్‌లో సైన్స్ పత్రికలో వచ్చింది. అలైన్ కోన్, మిషెల్ మారెషాల్, డేవిడ్ టానెన్‌బామ్, క్రిస్టియన్ జుండ్ అనే నలుగురు కలిసి 40 దేశాల్లో, 355 నగరాల్లో, 17,000కి పైగా పర్సులతో చేసిన ప్రయోగం. పర్సులంటే తోలువి కావు, మనం బస్ పాసు పెట్టుకునే ప్లాస్టిక్ కవరు లాంటివి, లోపల ఏముందో తెరవకుండానే కనిపిస్తుంది. ప్రతి దాంట్లో ఒకే పేరు, ఈమెయిల్ ఉన్న మూడు విజిటింగ్ కార్డులు, ఆ ఊరి భాషలో రాసిన సరుకుల చీటీ, ఒక తాళంచెవి. కొన్నింట్లో డబ్బు అసలు లేదు. కొన్నింట్లో సుమారు 13 డాలర్లకి సమానమైన డబ్బు, ఏ దేశానికి ఆ దేశంలో జనం కొనుగోలు శక్తిని బట్టి లెక్కగట్టి పెట్టారు.

పరిశోధకుల మనిషి ఒకరు బ్యాంకుకో, హోటల్‌కో, పోస్టాఫీసుకో, మ్యూజియంకో, పోలీసు స్టేషనుకో వెళ్ళి, కౌంటర్లో ఉన్నవాళ్ళకి పర్సు ఇచ్చి, ఇది పక్క వీధిలో దొరికింది, ఎవరో పారేసుకున్నట్టున్నారు, నాకు టైమ్ లేదు, కాస్త మీరు చూడండి అని చెప్పి వెళ్ళిపోతారు. తర్వాత అంతా ఆ కౌంటర్లో మనిషి చేతుల్లోనే. కార్డు మీదున్న ఈమెయిల్‌కి కబురు వస్తుందా రాదా అన్నదే లెక్క.

డబ్బు లేని పర్సుల్లో నూటికి 40కి కబురు వచ్చింది. డబ్బున్నవాటికి 51. అవును, డబ్బుంటేనే ఎక్కువ. ఇది ఏదో ఒక దేశం విడ్డూరం కూడా కాదు, 40 దేశాల్లో 38 చోట్ల లెక్క ఇటే మొగ్గింది, అందులో మన దేశమూ ఉంది. ఈ కాస్త డబ్బుకి ఎవరు ఆశపడతారులే, పెద్ద మొత్తమైతే అప్పుడు తెలుస్తుంది అనే అనుమానం పరిశోధకులకీ వచ్చింది. అందుకే అమెరికా, బ్రిటన్, పోలండ్‌లలో కొన్ని పర్సుల్లో 94 డాలర్ల దాకా పెట్టి చూశారు. ఆ మూడు దేశాల్లో డబ్బు లేనివాటికి నూటికి 46, కొంచెం ఉన్నవాటికి 61, ఎక్కువ ఉన్నవాటికి 72. కబురు పంపి లోపలి డబ్బు తీసేసుకున్నారేమో అని కొన్ని పర్సుల్ని వెనక్కి తెప్పించి లెక్కపెట్టారు కూడా. దాదాపు మొత్తం డబ్బు అలాగే ఉంది.

ఫలితం చెప్పకుండా మామూలు జనాన్ని ముందే అడిగితే, డబ్బు పెరిగేకొద్దీ తిరిగొచ్చేవి తగ్గుతాయన్నారు. 279 మంది ఆర్థికశాస్త్రవేత్తల్ని అడిగినా సరిగ్గా ఊహించలేకపోయారు. మనుషుల లెక్కలు చూడడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్ళు కూడా ఎదుటి మనిషిని ఇంత తక్కువగా అంచనా వేశారంటే, మా ఇంట్లో వాళ్ళని ఏమనగలను.

మరి ఎందుకిలా? తాళంచెవి ఒక సంగతి చెబుతుంది. దొరికినవాడికి అది ఎందుకూ పనికిరాదు, పోగొట్టుకున్నవాడికి మాత్రం అది లేక ఇల్లు తెరుచుకోదు. తాళంచెవి తీసేసిన పర్సులకి కబుర్లు తగ్గాయి, ఉన్నవాటికి నూటికి 9 దాకా ఎక్కువ వచ్చాయి. అంటే ఎదుటివాడి ఇబ్బంది మనసులో మెదులుతోందన్నమాట. కానీ డబ్బు పెరిగితే కబుర్లు ఎందుకు పెరిగాయో చెప్పడానికి ఇదొక్కటే చాలదు. పరిశోధకులు జనాన్ని ఇంకో ప్రశ్న వేశారు, ఈ పర్సు తిరిగివ్వకపోతే దొంగతనం చేసినట్టు అనిపిస్తుందా అని. డబ్బు ఎంత ఎక్కువైతే ఆ మాట అంత గట్టిగా వచ్చింది. ఖాళీ పర్సుని పక్కన పడేసి మరిచిపోవచ్చు, అందులో డబ్బుండగా పడెయ్యలేం, ఉంచేసుకుంటే మనకి మనమే దొంగలా కనిపిస్తాం. కెమెరాలు ఉన్నచోటా లేనిచోటా తేడా వస్తుందేమో అని కూడా చూశారు, దానివల్ల కాదని తేలింది. మన పెద్దవాళ్ళు "ఆ డబ్బు ఒంటికి పట్టదు" అంటారు చూడండి, నాకైతే ఈ పరిశోధన మొత్తం ఆ మాట చుట్టూనే తిరుగుతున్నట్టుంది.

మన చట్టం కూడా ఈ గీత దగ్గరే నిలబడుతుంది. పాత శిక్షాస్మృతిలో 403వ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 314. అందులో ఇచ్చిన ఉదాహరణలు చదవడానికి చాలా బాగుంటాయి. ఎవరిదో తెలియని రూపాయి దారిలో దొరికితే తీసుకోవడం నేరం కాదు. అదే ఒకరి పర్సు జారిపడడం చూసి, ఇచ్చేద్దామనే తీసి, తర్వాత మనసు మార్చుకుని వాడేసుకుంటే నేరం. ఎవరిదో తెలిశాక తేడా వచ్చేస్తుంది.

ఆ 40 దేశాల ప్రయోగంలో ఎక్కడ ఎన్ని కబుర్లు వచ్చాయన్న పట్టికలో స్విట్జర్లాండ్, నార్వే పైన ఉన్నాయి, చైనా అట్టడుగున. పేపర్లన్నీ దాన్నే పట్టుకున్నాయి. నాకు ఆ పట్టిక మీద అంత నమ్మకం లేదు. ఎందుకంటే 2023లో చైనా పరిశోధకులు తమ దేశంలో 10 నగరాల్లో 500 పర్సులతో ఇదే ప్రయోగం మళ్ళీ చేశారు, ఈసారి ఈమెయిల్ ఒక్కటే చూడకుండా, తర్వాత వెళ్ళి పర్సు ఉందా అని అడిగారు. ఈమెయిల్ పంపినవాళ్ళు నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ. పర్సు భద్రంగా దాచి ఉంచినవాళ్ళు మాత్రం నాలుగింట మూడొంతులకి పైగా! పోగొట్టుకున్నవాడు వెతుక్కుంటూ వస్తాడు, వస్తే ఇద్దాం అని సొరుగులో పెట్టుకుని కూర్చున్నారు. ఈమెయిల్ రాలేదు కాబట్టి నిజాయితీ లేదనేశాం మనం. అంతకుముందు 2013లో రీడర్స్ డైజెస్ట్ వాళ్ళు 16 నగరాల్లో పన్నెండేసి పర్సులు పడేస్తే, హెల్సింకి తర్వాత రెండో స్థానం ముంబైది, పన్నెండింట్లో 9 తిరిగొచ్చాయి. పన్నెండు పర్సులతో ఒక ఊరిని తూకం వెయ్యలేం గానీ, "మన దేశంలో అయితే" అని మొదలుపెట్టేవాళ్ళకి ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది.

2025 ప్రపంచ ఆనంద నివేదిక ఇదే విషయాన్ని ఇంకోలా పట్టుకుంది. పోయిన పర్సులు ఎన్ని తిరిగొస్తాయని జనం అనుకుంటారో దాంతో పోలిస్తే, నిజంగా తిరిగొచ్చేవి దాదాపు రెట్టింపు. తోటి మనిషి తిరిగిస్తాడన్న నమ్మకం ఉన్నవాళ్ళు జీవితంలో ఎక్కువ సంతోషంగా ఉన్నట్టు కూడా అందులో రాశారు. నమ్మకం లేనివాళ్ళకి పోయేది సంతోషం ఒక్కటే కాదు, కొన్నిసార్లు పర్సు కూడా.

పర్సు పోయిన పదకొండో రోజున మా అత్తని బస్సెక్కించడానికి బస్టాండుకి వెళ్ళాను. బస్సు టైము కనుక్కుందామని కంట్రోలర్ దగ్గరికి వెళ్తే, ఆయన నా మొహం రెండుసార్లు చూసి, సొరుగు లాగి ఒక పాలిథిన్ కవరు బయటికి తీశాడు. లైసెన్సు మీద ఫోటో గుర్తుపట్టాడట. కవర్లో నా పర్సు, దానికి రబ్బరు బ్యాండుతో చుట్టిన టికెట్ ముక్క. టికెట్ వెనక నీలం ఇంకుతో కండక్టరు రాసిన లెక్క: "2,340. కార్డులు 2. చీటీ 1. ఎడమ పక్క మూడో సీటు కింద." కింద ఆయన సంతకం, పక్కన ఇంకెవరో ప్రయాణికుడి సంతకం, సాక్షిగా. అమ్మ చీటీ మడత కూడా విప్పలేదు. ఆ ఇద్దరి పేర్లూ నాకు ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు, గొలుసుకట్టు సంతకాలు.

థ్యాంక్స్ చెప్పబోతుంటే కంట్రోలరే కాస్త కోపంగా అడిగాడు: "పదకొండు రోజుల నుంచి చూస్తున్నామండీ, ఊళ్ళోనే ఉండి ఒక్కసారి వచ్చి అడగలేకపోయారా?"