సిమెంట్ రోడ్డు గీతల్లో తారు ఏమైంది?

విజయనగరం జిల్లా గజపతినగరం చుట్టుపక్కల ఊళ్లలో సంక్రాంతి ముందు సిమెంట్ రోడ్డే కళ్లం. ధాన్యం ఎండబోసి, పొద్దుగూకే వేళకు చీపురుతో ఊడ్చి ఎత్తుతారు. మిగిలిన తాలు, ఇసుక రోడ్డుకు అడ్డంగా ఉన్న గీతల్లోకి దిగిపోతాయి. పుల్లతో గీరితే మట్టి వస్తుంది. తారు జాడ ఉండదు.

ఆ గీత కావాలని పెట్టినదే. కాంక్రీటు గట్టిపడుతూ కుంచించుకుపోతుంది, ఆ తర్వాత ఎండకు పెరుగుతుంది, చలికి తగ్గుతుంది. ఎలాగూ పగులుతుంది కాబట్టి, మందంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా కోసి, అక్కడే పగిలేలా చేస్తారు. గీతకూ గీతకూ మధ్య నాలుగున్నర మీటర్ల పలక 30 డిగ్రీల తేడాకు దాదాపు 1.35 మిల్లీమీటర్లు కదులుతుంది. గీత వెడల్పు 8 మిల్లీమీటర్లయితే అందులోని సీలెంట్ (నీళ్లు దిగకుండా గీతలో నింపే తారు లాంటి పదార్థం) ఆరో వంతు సాగితే చాలు. 3 మిల్లీమీటర్లే అయితే సగం దాకా సాగాలి. ఎండకు బిరుసెక్కిన తారు అంత సాగలేదు, అంచు వదిలేస్తుంది. ఇక అక్టోబరు వాయుగుండాల నీళ్లు కిందికి దిగి, బండి పోయిన ప్రతిసారీ అడుగు మట్టిని బయటికి తోడేస్తాయి. బోలుపడ్డ చోట పలక మూల విరుగుతుంది.

మొదట్లో వాడింది మామూలు తారే. తర్వాత రబ్బరు కలిపి కాచి పోసే తారు, పాలీసల్ఫైడ్ అనే రబ్బరు లాంటి పదార్థం, 1970ల చివర్లో అమెరికా రోడ్ల మీదికి సిలికాన్ వచ్చాయి. మన దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఈ గీతల (జాయింట్ల) సీలింగ్ కోసమే ఐఆర్‌సీ 57 అనే పుస్తకాన్ని 1974లో తెచ్చింది, 2006లో సవరించింది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం 1990లో అసలు సీలింగే మానేసింది. సన్నటి గీతలకు సీలెంట్ లేకపోయినా రోడ్డు బాగానే ఉందన్నది వాళ్ల అనుభవం. మురుగు కాలువ లేక రోడ్డు పక్కనే నీళ్లు నిలిచే మన వీధులకు ఆ లెక్క పనికిరాదని నా గట్టి నమ్మకం.

2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ మొదలైనప్పుడు తొలి విడతలోనే విజయనగరం జిల్లా ఉంది. కూలీకి 60, సామగ్రికి 40 వాటా. ఆ సామగ్రి డబ్బుతోనే తర్వాత ఊరూరా సీసీ రోడ్లు వచ్చాయి. బురద తప్పింది, అది చిన్న మేలు కాదు. కానీ రోడ్డు ఇరవై ఏళ్లకని వేస్తాం, గీతలో తారు కొన్నేళ్లకే పోతుంది. మళ్లీ పోయడానికి పైసా పక్కన పెట్టిన ఊరు నాకు కనబడలేదు.

పోసినా పద్ధతి ఉంది. మట్టి పూర్తిగా తీసి, తడి ఆరనిచ్చి, అడుగున నురగ తాడు దూర్చాలి. లేకపోతే సీలెంట్ కిందికి కూడా అతుక్కుని సాగలేక చిరుగుతుంది. రోడ్డు మట్టానికి కాస్త దిగువగానే ఆపాలి. ఉబ్బెత్తుగా పోస్తే ట్రాక్టర్ చక్రాలే పీకేస్తాయి.