‘బ్లడీ మేరీ’: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్ రాణి మొదటి మేరీ (పాలన 1553-1558) కాథలిక్. ఆమె పాలనలో ప్రొటెస్టెంట్లను సజీవంగా కాల్చారు. అందుకే ‘బ్లడీ మేరీ’ (నెత్తుటి మేరీ) అన్నారు. ఆమె పేరెత్తగానే కొందరు రాక్షసి అంటారు. ఇంకొందరు ఆ కాలంలో రాజులంతా అలాగే ఉండేవారని కొట్టిపారేస్తారు. ఈ రెండు మాటలతోనూ ఆ అయిదేళ్లు అర్థం కావు.

అపోహ: స్కాట్లండ్ రాణి మేరీ, ఈమె ఒక్కరే.
వాస్తవం: కాదు. 1587లో తల నరికించుకున్నది స్కాట్ రాణి మేరీ స్టువర్ట్. ఈమె ఎనిమిదో హెన్రీ కూతురు. జబ్బుచేసి చనిపోయింది.

అపోహ: గద్దెనెక్కిన రోజు నుంచే ప్రొటెస్టెంట్లను కాల్చడం మొదలుపెట్టింది.
వాస్తవం: 1553 ఆగస్టు ప్రకటనలో, ప్రస్తుతానికి ఎవరినీ మతం విషయంలో బలవంతపెట్టనని చెప్పింది. 1554 చివర్లో పార్లమెంటు మతవిరోధులను కాల్చమనే 1401 నాటి చట్టంతో సహా పాత మతవిరోధ చట్టాలను మళ్లీ తెచ్చింది. 1555 ఫిబ్రవరి 4న లండన్ స్మిత్‌ఫీల్డ్‌లో ప్రొటెస్టెంట్ బోధకుడు జాన్ రోజర్స్‌ను మొదటగా కాల్చారు. ముందు బిషప్ కోర్టులో విచారణ జరిగేది. ‘రొట్టె, ద్రాక్షరసం నిజంగా క్రీస్తు శరీరం, రక్తం అవుతాయా?’ అన్న ప్రశ్నకు కాథలిక్కులు అవునంటారు; కాదన్నందుకే చాలామంది పట్టుబడేవారు. మాట వెనక్కి తీసుకుంటే మామూలుగా ప్రాణం దక్కేది. లేదంటే షెరీఫ్‌కు (ప్రభుత్వ అధికారికి) అప్పగించేవారు. నిప్పు పెట్టే పని చర్చిది కాదు, ప్రభుత్వానిది. ఇది స్పెయిన్ నుంచి దిగుమతైన ఇంక్విజిషన్ (మతవిరోధులను విచారించే చర్చి కోర్టు) అనడమూ తప్పే. ఆమె భర్త, స్పెయిన్ యువరాజు ఫిలిప్ వెంట వచ్చిన అల్ఫోన్సో డి కాస్త్రో అనే సన్యాసి, మొదటి దహనం జరిగిన వారంలోపే ఈ శిక్షను ఖండిస్తూ ప్రసంగించాడు.

అపోహ: వేలమందిని కాల్చింది.
వాస్తవం: సుమారు 280 మందిని. వారిలో 50 మందికి పైగా ఆడవాళ్లు. బిషప్పులు కొద్దిమందే, ఎక్కువమంది నేతగాళ్లు, చేతిపనివాళ్లు, కూలీలు. లండన్, ఎసెక్స్, కెంట్, ససెక్స్ ప్రాంతాల్లోనే చాలా దహనాలు జరిగాయి, ఉత్తరాదిలో బహు తక్కువ. వేలు కాదు కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. నాలుగేళ్లు కూడా నిండని కాలంలో, బతుకుతెరువు చూసుకునే మామూలు జనం మీద పడిన దెబ్బ ఇది.

అపోహ: నిమిషాల్లో ప్రాణం పోయేది.
వాస్తవం: కట్టెల్ని బట్టి, గాలిని బట్టి ఉండేది. 1555 అక్టోబర్ 16న ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొటెస్టెంట్ బిషప్పులు లాటిమర్, రిడ్లీలను కాల్చడానికి అయిన ఖర్చు లెక్క ఇలా ఉంది: మూడు బళ్ల కట్టెమోపులకు 12 షిల్లింగులు, త్వరగా అంటుకునే ముళ్లకంపల బండికి 3 షిల్లింగుల 4 పెన్నీలు, బండి కిరాయికి 2 షిల్లింగులు, ఒక గుంజ, రెండు గొలుసులు, రెండు ఇనుప కొంకీలు, నలుగురు కూలీలు. మొత్తం 25 షిల్లింగుల 2 పెన్నీలు. త్వరగా పోవాలని మెడకు తుపాకిమందు సంచి కట్టేవారు. లాటిమర్ త్వరగానే చనిపోయాడు. రిడ్లీ వైపు మోపులు ఒత్తుగా పేర్చడంతో మంట పైకి లేవక కాళ్లే కాలాయి. బాధ తగ్గుతుందని బావమరిది ఇంకా కట్టెలు వేయడంతో మంట మరింత అణగిపోయింది. ఒకరు పైమోపులు లాగేశాక గానీ మంట మందుసంచిని అందుకోలేదు. గ్లాస్టర్‌లో మరో బిషప్ హూపర్‌కు పచ్చికట్టెలు పెట్టారు, పైగా ఎదురుగాలి. ముప్పావుగంట పట్టింది.

అపోహ: మిగతా రాజులూ ఇంతే.
వాస్తవం: చంపిన మాట నిజమే. 1540 జులై 30న హెన్రీ ఒకే చోట ముగ్గురు ప్రొటెస్టెంట్లను కాల్పించి, ముగ్గురు కాథలిక్కులను ఉరితీయించాడు. మేరీ తర్వాత రాణి అయిన ఆమె చెల్లెలు, ప్రొటెస్టెంట్ ఎలిజబెత్ కాలంలో 200 మందికి కాస్త తక్కువగా కాథలిక్కులను మతం కారణంగా చంపారు, రాజద్రోహం పేరుతో. కానీ అది 45 ఏళ్ల లెక్క. మేరీ కాలపు తీవ్రతను ఈ పోలిక కప్పిపుచ్చలేదు.

అపోహ: ‘బ్లడీ మేరీ’ అని ఆమె కాలపు జనమే పిలిచారు.
వాస్తవం: ఆ పేరు స్థిరపడింది 17వ శతాబ్దంలో. దానికి పునాది వేసింది మతం కోసం ప్రాణాలిచ్చినవాళ్ల గురించి 1563లో జాన్ ఫాక్స్ బొమ్మలతో అచ్చు వేయించిన పుస్తకం. 1571లో దాని ప్రతి ప్రధాన చర్చిల్లో ఉంచాలని ఆదేశించారు. చదువురానివాళ్లకూ బొమ్మల్లో మంటలు కనిపించాయి. ఫాక్స్‌కు బలమైన ఘట్టాన్ని అందించింది ప్రభుత్వమే. ప్రొటెస్టెంట్ ఆర్చిబిషప్ క్రాన్మర్ చాలాసార్లు తన మాట వెనక్కి తీసుకుని సంతకాలు పెట్టాడు. అయినా కాల్చాలనే నిర్ణయించి, 1556 మార్చి 21న కాల్చారు. చివరి క్షణంలో ఆ సంతకాలు చెల్లవని చాటి, సంతకం పెట్టిన కుడిచేతినే ముందుగా మంటలో పెట్టాడు.

ఫాక్స్ ప్రొటెస్టెంట్ పక్షపాతి. అయినా ఆయన సేకరించిన ఉత్తరాలు, విచారణ పత్రాలు లేకుండా ఈ చరిత్ర రాయలేం. తేదీలు, పేర్లు, కోర్టు ప్రశ్నలు ఇతర రికార్డులతో సరిచూసి తీసుకోవాలి. చితి దగ్గర పలికినట్టు రాసిన ఆఖరి మాటలను మాత్రం ఆచితూచి చదవాలి.