మురికివాడల మీది నిందలు ఎక్కడ పుట్టాయి?

ముంబైలోని పెద్ద మురికివాడ ధారావిని కూల్చి కొత్తగా కట్టే పథకం నడుస్తోంది. అందులో ఎవరికి ఇల్లివ్వాలి అన్న మాట వచ్చినప్పుడల్లా అక్కడివాళ్ల మీద మూడు నిందలు వినిపిస్తాయి. వాళ్లు రోగాలు తెచ్చేవాళ్లు, నేరాలు చేసేవాళ్లు, స్థలం కాజేసినవాళ్లు. ఇవి జనం నోట ఊరికే పుట్టిన మాటలు కావు. ప్రభుత్వాల నిర్ణయాలు, కోర్టు తీర్పులు వీటిని పెంచి పోషించాయి.

1896 సెప్టెంబరులో బొంబాయి రేవు పక్కన మాండ్వీలో ప్లేగు బయటపడింది. అది ధాన్యం గోదాముల పేట, ఎలుకలకు కొదవ లేదు. ఎలుకల ఒంటి మీది పురుగులే ప్లేగును మోస్తాయని సిమోండ్ అనే ఫ్రెంచి వైద్యుడు 1898లో చూపించాడు. కానీ అప్పటికే తప్పు పేదల ఇరుకు గదుల మీద పడిపోయింది. 1897లో అంటువ్యాధుల చట్టం రాగానే అధికారులు ఇళ్లలో జొరబడి సోదాలు చేశారు, సామాన్లు తగలబెట్టారు. మరుసటేడు నగరాన్ని బాగుచేయడానికని ఏర్పడ్డ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ పేదల వాడలను పడగొట్టి వెడల్పు రోడ్లు వేసింది. కూల్చినంత చురుగ్గా మాత్రం కట్టలేదు. మిల్లుకో రేవుకో నడిచి వెళ్లగలిగే దూరంలో, కూలి డబ్బులతో దొరికేది ఆ ఇరుకు గది ఒక్కటే కాబట్టి అంతమంది అందులో సర్దుకున్నారు. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. హైదరాబాద్‌లోనూ 1908 మూసీ వరద తర్వాత, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇలాంటి పనికే పూనుకుంది.

ఈ కథలో మనవాళ్లూ ఉన్నారు. బొంబాయి దీవుల మధ్య సముద్రాన్ని పూడ్చి, భవనాలు లేపిన కూలీల్లో తెలంగాణ నుంచి వెళ్లిన కామాఠీలు ఎందరో. వాళ్లున్న పేటే కామాఠీపుర. ఇవాళ ఆ పేరు చెబితే జనానికి గుర్తొచ్చేది వేశ్యావాటికే, వాళ్ల చెమట కాదు, నాకు అదే బాధ.

1981 జులైలో, నడి వానాకాలంలో, పేవ్‌మెంట్ల మీద బతికేవాళ్లను సొంతూళ్లకు పంపేస్తామని మహారాష్ట్ర ముఖ్యమంత్రి ఎ.ఆర్. అంతులే ప్రకటించారు. ఆ కేసు సుప్రీంకోర్టుకు చేరింది. బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమేనని, వీళ్లు నేరం చేసే ఉద్దేశంతో అక్కడ ఉండటం లేదని, గత్యంతరం లేకే ఉంటున్నారని 1985లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అయినా చట్టప్రకారం నోటీసిచ్చి ఖాళీ చేయించొచ్చంది.

పదిహేనేళ్లు తిరగకుండానే గొంతు మారింది. ఆక్రమించినవాడికి ప్రత్యామ్నాయ స్థలం ఉచితంగా ఇవ్వడం జేబుదొంగకు బహుమతి ఇచ్చినట్టేనని 2000లో అదే కోర్టు వ్యాఖ్యానించింది. ఆ కేసు దేని గురించో తెలుసా? ఢిల్లీలో చెత్త నిర్వహణ గురించి! ఆ చెత్తను చేత్తో ఏరి వేరుచేసేవాళ్లలో చాలామంది మురికివాడల మనుషులే.

ధారావిలో ఆ పని దగ్గర్నుంచి చూస్తే తెలుస్తుంది, అది ఎంత నేర్పు కావాల్సిన పనో. ఏ ప్లాస్టిక్ ఏ రకమో తేల్చడానికి చిన్న ముక్క అంటించి పొగ వాసన చూస్తారు. పక్క సందులో ఆడవాళ్లు అప్పడాలు వత్తి బోర్లించిన బుట్టల మీద ఆరేస్తారు. కుమ్మరుల పేట కుంభార్‌వాడాలో కుండలు కాల్చే బట్టీలు. నివాసం, కార్ఖానా ఒకే కప్పు కింద ఉంటాయి కాబట్టి ఇల్లు కదిలితే పనీ పోతుంది.

2011 జనగణన ప్రకారం దేశంలో ఆరున్నర కోట్ల మంది మురికివాడల్లో ఉన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ జనాభాలో మూడో వంతుకు పైగా వీళ్లే. ఏ రాష్ట్రంలోనూ ఇంత వాటా లేదు. ఇంతమందినీ ఒకే గాటన కట్టి మాట్లాడటం అన్యాయం.

ఇప్పుడు ధారావిలో తగువంతా ఒక తేదీ చుట్టూ తిరుగుతోంది. 2000 జనవరి 1కి ముందు నుంచి ఉంటున్నట్టు కాగితం చూపగలిగిన గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లకే అక్కడ ఉచితంగా ఇల్లు. తర్వాత వచ్చినవాళ్లు, మేడ మీద గదుల్లో ఉంటున్నవాళ్లు ఎన్నేళ్లుగా ఆ కార్ఖానాల్లో పనిచేస్తున్నా ధారావి బయటికి వెళ్లాల్సిందే, అదీ డబ్బు కట్టో, అద్దెకో.