డీవీడీకి మక్కీకి మక్కీ కాపీ: అపోహలు, వాస్తవాలు

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ దగ్గర ఒక సందులో, పాత క్యాసెట్లు, డిస్కులు హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించే పని నాది. ఎక్కువగా పెళ్లి వీడియోలే వస్తాయి. ఈమధ్య మాత్రం అమెరికా నుంచి సెలవులకి వచ్చినవాళ్లు అట్టపెట్టెల నిండా సినిమా డీవీడీలు తెచ్చి, "అన్నా, మక్కీకి మక్కీ కాపీ కావాలి, ఏ సాఫ్ట్‌వేర్ బెస్ట్?" అంటున్నారు. సినిమా కాపీలు నేను చేసివ్వను, ఆ మాట ముందే చెప్పేస్తా. ఏ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో మాత్రం చెప్తా.

అపోహ: బైటు పొల్లుపోకుండా కాపీ చేస్తే అచ్చం అదే డిస్క్ వస్తుంది.

వాస్తవం: తిరకాసంతా ఇక్కడే. సినిమా డీవీడీలకు వేసే తాళం (అంటే కాపీ చేస్తే ఆడకుండా వీడియోను గజిబిజి చేసే పద్ధతి) పేరు సీఎస్ఎస్, 1996 నాటిది. దాన్ని తెరవడానికి కావాల్సిన తాళంచెవి డిస్క్ మొదట్లో లీడ్-ఇన్ అనే భాగంలో ఉంటుంది, మామూలు ఫైల్ కాపీకి ఆ భాగం అందదు. పోనీ ఆ చెవి కూడా తీసి కొత్త డిస్క్ మీద రాద్దామా అంటే, మనకు దుకాణాల్లో దొరికే ఖాళీ డీవీడీల్లో ఆ చోటును ముందే వాడటానికి వీల్లేకుండా చేసి పంపుతారు, బర్నర్ (డిస్క్ మీద రాసే డ్రైవ్) అక్కడ ఏమీ రాయలేదు. అంటే ఇల్లు మారేటప్పుడు బీరువా మోసుకొచ్చి, తాళంచెవి పాత ఇంట్లో మర్చిపోయినట్టు. సరుకంతా ఉంటుంది, తలుపు తెరుచుకోదు. కాబట్టి ఆడే కాపీ అంటే తాళం తీసిన కాపీయే, కచ్చితంగా మాట్లాడితే అది మక్కీకి మక్కీ కానే కాదు. అయితే తాళం తీసినంత మాత్రాన బొమ్మ, శబ్దం పిసరంత కూడా తగ్గవు. తగ్గేది కుదించినప్పుడు.

అపోహ: ఏదో ఒకటి బెస్ట్ ఉంటుంది, మిగతావన్నీ వేస్ట్.

వాస్తవం: ఇవి చేసే పనులే వేరు వేరు. ఇమ్‌గ్‌బర్న్ ఇమేజ్ తీస్తుంది (డిస్క్ మొత్తాన్ని ఒకే ఫైల్‌గా), దాన్ని ఖాళీ డిస్క్ మీద బర్న్ చేస్తుంది, చివర్లో సరిచూస్తుంది కూడా, కానీ తాళం జోలికి వెళ్లదు. 2013 తర్వాత కొత్త వెర్షన్ లేకపోయినా ఆ పనికి నేను ఇప్పటికీ దాన్నే నమ్ముతా. డీవీడీ ష్రింక్ 2004 తోనే ఆగిపోయింది, దాని పేరులోనే ఉంది సంగతి: 8.5 జీబీ రెండు పొరల డిస్క్‌ను 4.7 జీబీలోకి నొక్కి పెడుతుంది, చీకటి సీన్లలో చదరాలు చదరాలుగా కనిపిస్తే ఆశ్చర్యపోకండి. మేక్‌ఎంకేవీ వీడియోను మళ్లీ కుదించకుండా ఎంకేవీ అనే వీడియో ఫైల్‌లో పెడుతుంది, ఆడియోలు, సబ్‌టైటిల్స్ వస్తాయి, మెనూలు మాత్రం పోతాయి. హ్యాండ్‌బ్రేక్ ప్రతిసారీ మళ్లీ కుదిస్తుంది, ఫోన్లో చూసుకోవడానికి బాగుంటుంది గానీ దాన్ని బ్యాకప్ అంటే నేను ఒప్పుకోను.

అపోహ: కాపీ మధ్యలో ఆగిపోయిందంటే లాక్ గట్టిదన్నమాట.

వాస్తవం: కొన్ని సినిమా డిస్కుల్లో కాపీ సాఫ్ట్‌వేర్‌ను ఆపడానికి కావాలనే చెడ్డ సెక్టార్లు (చదవలేని ముక్కలు) పెట్టిన మాట నిజమే, సోనీ వాళ్ల ఆర్కోస్ అనే రక్షణ అలాంటిదే. కానీ నా బల్ల మీదికి వచ్చేవాటిలో చాలావరకు గీతలు, వేలిముద్రలు, ఎండ దెబ్బే కారణం. ఎల్బీ నగర్ నుంచి ఒకాయన 2008 నాటి పెళ్లి డీవీడీ తెచ్చాడు, అప్పటికే మూడు రిప్పర్లు (తాళం తీసి కాపీ చేసే సాఫ్ట్‌వేర్లు) డబ్బు పెట్టి కొన్నాడట. పెళ్లి డిస్కుకి తాళం ఎవరు వేస్తారండీ! పదిహేనేళ్లు అటక మీద రేకుల కింద ఎండలకి మాడింది, అంతే. మెత్తటి బట్టతో మధ్యలోంచి అంచుకి తుడిచి (గుండ్రంగా తుడవకూడదు), లినక్స్‌లో డీడీ రెస్క్యూ అనే, పాడైన డిస్క్ నుంచి డేటా లాగే ప్రోగ్రామ్ పెట్టా. చదవలేని చోట్లను అది ఒక ఫైల్‌లో రాసుకుంటుంది, అదే ఫైల్‌తో వేరే డ్రైవ్‌లో నడిపిస్తే మిగిలిన ముక్కల కోసమే వెతుకుతుంది. రెండు రాత్రులు, రెండు డ్రైవ్‌లు. తలంబ్రాల దగ్గర ఓ అర సెకను తప్ప అంతా దొరికింది.

అపోహ: రీజియన్ కోడ్, కాపీ లాక్ ఒకటే.

వాస్తవం: కాదు. రీజియన్ కోడ్ అంటే ఆ డిస్క్ ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడాలో చెప్పే నంబరు. మనది రీజియన్ 5, అమెరికాది 1. కంప్యూటర్ డ్రైవ్‌లో ఈ నంబరును ఐదుసార్లే మార్చుకోవచ్చు, ఆ తర్వాత చివరిదే ఖాయం. ఊరికే మార్చి చూడకండి.

అపోహ: నా డిస్క్, నా ఇష్టం, చట్టంతో పనేంటి?

వాస్తవం: నేను లాయర్ని కాదు, తెలిసినంత చెప్తా. మన కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన సెక్షన్ 65ఎ, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీస్తే రెండేళ్ల దాకా జైలు అంటుంది. ఉద్దేశం అన్న ఆ మాట ముఖ్యం. అమెరికాలో 1998 నాటి డీఎంసీఏ అనే కాపీరైట్ చట్టం ఇంకా కఠినం, కాబట్టి ఇక్కడ విన్నది అక్కడికి వర్తిస్తుందనుకోవద్దు. కాపీ తీసి అసలు డిస్క్ అమ్మేయడం, చుట్టాలకి తలా ఒకటి పంచడం మాత్రం ఎక్కడైనా తప్పే.

ఇక డిస్కులు తెచ్చేవాళ్లకి ఒక దండం పెట్టి చెప్తున్నా, కవర్లు తీసేసి రబ్బరు బ్యాండు వేసి కట్టగా తేవద్దు, దారిలో ఒకదాన్నొకటి గీరుకుంటాయి.