పెద్దవాళ్లు ఇంట్లో పడిపోవడం: మన ఇళ్లలో వినిపించే అపోహలు - వాస్తవాలు

నేను హన్మకొండలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తాను. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన పెద్దవాళ్లకు మళ్లీ నడక అలవాటు చేయించడం నా పనిలో ఎక్కువ భాగం. కాజీపేట, పరకాల, నర్సంపేట దిక్కు ఇళ్లకే పోతుంటాను కాబట్టి పడ్డ మనిషితో పాటు పడ్డ జాగ కూడా చూస్తాను. "ఎట్ల పడ్డవు అవ్వా?" అని అడిగితే ముందుగా వచ్చే జవాబు "ఏం లేదు బిడ్డా, కాలు జారింది" అనే. కాసేపు కూర్చుని మాట్లాడితే మిగతాది బయటికొస్తుంది. అంతకుముందే పడబోయి గోడ పట్టుకున్నది. ఒకసారి పడి తనంతట తనే లేచింది కూడా, కానీ కొడుకుకు చెప్పలేదు. చెబితే గుడికి కూడా పోనియ్యరని భయం. ఆ మొదటిసారి పడ్డప్పుడే ఎవరైనా పట్టించుకుని ఉంటే ఇంతదాకా వచ్చేది కాదని నాకు అనిపించిన ఇళ్లు చాలా ఉన్నాయి.

అపోహ: వయసు మీద పడ్డాక పడుడు మామూలే, ఎవరేం చేస్తారు?

65 దాటినవాళ్లలో దాదాపు మూడింట ఒకరు ఏడాదిలో ఒక్కసారైనా పడతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అంటే తరచుగా జరిగేదే. అంతమాత్రాన ఆపలేనిది కాదు. పడని ఆ ఇద్దరిదీ అదే వయసు కదా. ప్రపంచం మొత్తం మీద ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వల్లే చనిపోతున్నారు, అందులో ఎక్కువమంది 60 దాటినవాళ్లే. ప్రమాదవశాత్తూ తగిలే గాయాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాత ప్రాణాలు ఎక్కువగా తీసేది ఇదే.

ఒక్క కారణంతో పడేవాళ్లు తక్కువ. తొడల్లో బలం తగ్గుతుంది, కంట్లో పొర వస్తుంది, రాత్రి ఒక గోలీ వేసుకుంటారు, పొద్దున బాత్రూం నేల తడిగా ఉంటుంది. ఇవన్నీ ఒక్క నిమిషంలో కలిసినప్పుడు మనిషి పడతాడు. అందులో ఒకటి రెండు తీసేసినా ప్రమాదం తగ్గుతుంది. షుగర్ ఉన్నవాళ్లను నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటి ఉంది: "నడుస్తుంటే చెప్పు కాలు నుంచి జారిపోయినా తెలుస్తలేదా?" అవునంటే అరికాళ్ల స్పర్శ పోయిందని అనుమానించాల్సిందే. నేల ఎక్కడుందో పాదం చెప్పలేనప్పుడు కన్నే చెప్పాలి. చీకట్లో ఆ కన్ను కూడా పనిచేయదు. అందుకే ఇలాంటివాళ్లు రాత్రిపూట ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

అపోహ: ఒకసారి పడ్డరు, ఇక నడవనియ్యొద్దు, ఒకకాడ కూసోబెట్టాలె

నేను ఎక్కువగా కొట్లాడేది ఈ మాట మీదే. ఇది ప్రేమతో చెప్పే మాట. "అమ్మా, నువ్వేం పని చెయ్యకు, అన్నీ మంచం కాడికే తెచ్చిస్తం" అంటారు కోడళ్లు, కొడుకులు. ఆ ప్రేమే కాళ్లను తినేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను పది రోజులు మంచం మీదే ఉంచి చూస్తే వాళ్ల కాళ్లలో దాదాపు ఒక కిలో కండ తగ్గిందని 2007లో అచ్చయిన ఒక అధ్యయనం తేల్చింది. పది రోజులకే అంత. మన ఇళ్లలో కూర్చోబెట్టేది నెలల తరబడి. కండ తగ్గితే అడుగు చిన్నదవుతుంది, పాదం నేలను ఈడుస్తుంది. పడతామన్న భయం పెరిగి నడక ఇంకా తగ్గుతుంది. తర్వాత ఒకరోజు అవసరమై లేస్తారు, పడతారు. "చూసినవా, నడిస్తే పడ్డది" అంటారు ఇంట్లోవాళ్లు. నిజానికి పడ్డది అన్నాళ్లూ నడవకపోవడం వల్ల.

నిలకడ, కాళ్ల బలం పెంచే వ్యాయామం చేసే పెద్దవాళ్లలో పడడాలు దాదాపు నాలుగో వంతు తగ్గుతాయని ఎన్నో అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. గోలీతో రాని ఫలితం ఇది. ఉత్త నడక మాత్రం సరిపోదు. భద్రకాళి బండ్ మీద రోజూ తిరిగే పెద్దాయన కూడా కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవలేకపోవచ్చు.

ఇంట్లోనే పరీక్షించి చూడండి. గోడకు ఆనించిన గట్టి కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఛాతీ మీద కట్టుకోమని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చుంటారో లెక్కపెట్టండి. పక్కన ఒకరు నిలబడాలి. 70 నుంచి 74 ఏళ్ల ఆడవాళ్లు 10 సార్లు, మగవాళ్లు 12 సార్లు కూడా లేవలేకపోతే కాళ్ల బలం తక్కువని అర్థం. మందు కూడా ఆ పరీక్షలోనే ఉంది. రోజూ పొద్దున, సాయంత్రం కుర్చీలోంచి లేచి కూర్చోవడం. మొదట చేతులు ఆనించినా పర్వాలేదు. వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం. గట్టు పక్కనే ఒక పాదం ముందు ఇంకో పాదం, మడమకు వేళ్లు తగిలేలా పెట్టి పది సెకన్లు నిలబడడం. వారం పది రోజుల్లో తేడా రాలేదని మానేస్తారు చాలామంది. కనీసం మూడు నెలలు చేయాలి, ఆ తర్వాత కూడా ఆపొద్దు.

అపోహ: బయటికి పోతే పడతారు, ఇంట్లో ఉంటే భద్రం

తెలిసిన ఇల్లే కదా అని చూడకుండా నడుస్తారు. అక్కడే పడతారు. మా దిక్కు ఇళ్లలో నా కంటికి మళ్లీ మళ్లీ తగిలేవి చెప్తాను.

మొదటిది బాత్రూం. తలకు నూనె పెట్టుకుని స్నానం చేసిన రోజు సబ్బు నీళ్లూ నూనే కలిసి నేల మీద నిలుస్తాయి. చిన్న పీట మీద కూర్చుని స్నానం చేసేవాళ్లు లేవాలంటే ఏదో ఒకటి పట్టుకోవాలి. పట్టుకునేది నల్లానో, టవల్ కడ్డీనో, బకెట్ అంచునో. ఇవేవీ మనిషి బరువు ఆపేవి కావు. గోడలోకి మేకులు దిగేలా బిగించిన స్టీలు కడ్డీ కావాలి, నేల నుంచి సుమారు మూడడుగుల ఎత్తులో, కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసే చోట ఒకటి. పీట తీసేసి నాలుగు కాళ్లకూ రబ్బరు ఉన్న కుర్చీ పెట్టండి. ఇంట్లో డబ్బు ఒక్కచోటే పెట్టగలమంటే నేను ఇక్కడే పెట్టమంటాను. తలుపు గడియ లోపల పెట్టుకోవద్దని పెద్దవాళ్లను ఒప్పించండి. గడియ పెట్టుకుని పడితే తలుపు పగలగొట్టేదాకా నేల మీదే ఉండాలి.

పాత పెంకుటిళ్లలో బాత్రూం పెరట్లో ఉంటుంది. రాత్రి ఒంటికి పోవడానికి లేచి, రెండు గడపలు దాటి, మెట్టు దిగి, చీకట్లో పోవాలి. మనిషి కదిలితే తనంతట వెలిగే బల్బులు ఇప్పుడు ఏ కరెంటు సామాన్ల దుకాణంలోనైనా దొరుకుతున్నాయి. కరెంటు పోతుంది కాబట్టి దిండు కింద టార్చి కూడా ఉండాలి. వానాకాలం రాత్రులు మంచం పక్కనే కమోడ్ కుర్చీ పెట్టడం ఇంకా మంచిది. దీనికి సిగ్గుపడతారు. ఆ సంగతి నలుగురి ముందు మాట్లాడకుండా, ఒక్కరే ఉన్నప్పుడు నెమ్మదిగా చెప్పండి.

గడపలు తీసేయమని నేను ఎవరికీ చెప్పను. తల్వాకిట గడపకు పసుపు రాసి బొట్లు పెడతాం, అది దూరం నుంచే కనిపిస్తుంది, దాని మీద తట్టుకునేవాళ్లు తక్కువ. తట్టుకునేది లోపలి అర్రల గడపల మీద. నేలా గడపా ఒకే రంగు బండలైతే పొర వచ్చిన కన్నుకు రెండూ ఒకటే. అంచున పసుపుపచ్చ రంగు గీత ఒకటి గీస్తే చాలు.

ఇక మెట్లు. కరీంనగర్ గ్రానైట్ మనకు దగ్గరే కాబట్టి కొత్త ఇళ్ల మెట్లన్నీ దానితోనే, అద్దంలా మెరిసే పాలిష్‌తో. ఒక్క చుక్క నీళ్లు పడితే కాలు నిలవదు. మెట్ల బండలకు పాలిష్ వద్దు, గరుకుగా కావాలని ముందే చెప్పండి. ఇప్పటికే వేసేసి ఉంటే ప్రతి మెట్టు అంచునా గాడులు కోయించండి, లేదంటే గరుకు టేపు అంటించండి. డాబా మెట్లకు రెయిలింగ్ పెట్టని ఇళ్లు ఇంకా ఎన్నో ఉన్నాయి. పచ్చళ్లు, వడియాలు ఎండబెట్టడానికి ఆ మెట్లెక్కేది ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లే.

పొద్దున సాన్పి చల్లిన వాకిలి, వానల్లో నాచు పట్టిన బండలు, అరిగిన హవాయి చెప్పులు, పాదాల కిందికి జీరాడే చీర కుచ్చిళ్లు, మడతపడిన డోర్ మ్యాట్లు: ఇవి మీకూ తెలిసినవే. కిందికి కుంగిన నవారు మంచం మాత్రం ఎవరికీ తట్టదు. కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, తుంటి మోకాళ్లకన్నా కిందికి పోకూడదు. లేదంటే లేచేటప్పుడే తూలుతారు.

అపోహ: గోలీలకూ పడిపోవడానికీ సంబంధం లేదు

ఉంది. బీపీ గోలీలు, మూత్రం ఎక్కువగా వచ్చేందుకు ఇచ్చేవి, ప్రోస్టేట్ గోలీలు, నిద్రమాత్రలు, కొన్ని అలర్జీ గోలీలు నిలబడ్డప్పుడు కళ్లు తిరిగేలాగానో, మత్తుగానో చేయగలవు. షుగర్ గోలీ వేసుకుని తినడం ఆలస్యమైతే షుగర్ పడిపోయి మనిషీ పడిపోతాడు. పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు ఇంకోసారి బీపీ చూడాలి. పై అంకె 20 లేదా కింది అంకె 10 తగ్గితే అది డాక్టర్‌కు చెప్పాల్సిన సంగతి. గోలీలు మీ అంతట మీరు ఆపొద్దు. నిద్రమాత్ర అకస్మాత్తుగా ఆపడం వేరే ప్రమాదం. ఇంట్లో ఉన్న షీట్లన్నీ, ఆర్‌ఎంపీ ఇచ్చినవి కూడా, ఒక కవర్లో వేసుకుని డాక్టర్ ముందు పెట్టి "ఇందులో ఏమైనా తగ్గించొచ్చా?" అని అడగండి. మంచం దిగే ముందు నిమిషం సేపు అంచున కూర్చుని పాదాలు పైకీ కిందికీ ఆడించాలి.

ఇంకో మాట కూడా చెప్పాలి. మన ఊళ్లలో సాయంత్రం కల్లు తాగే పెద్దవాళ్లు ఉన్నారు. కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డైజిపాం లాంటి మత్తుమందులు కలుపుతున్నారని ఎక్సైజ్ దాడుల్లో ఎన్నోసార్లు బయటపడింది. అంటే తెలియకుండానే నిద్రమాత్ర మింగుతున్నట్టు. డాక్టర్‌కు ఇది కూడా దాచకుండా చెప్పండి.

అపోహ: డి విటమిన్ ఇంజెక్షన్ చేయించుకుంటే పడరు

లోపం ఉంటే సరిచేయాలి, ఎముకకు మంచిది. కానీ ఎక్కువైతే ఇంకా మంచిదని కాదు. 70 దాటిన ఆడవాళ్లకు ఏడాదికోసారి 5 లక్షల యూనిట్ల డి విటమిన్ ఇచ్చి చూసిన ఆస్ట్రేలియా పరిశోధనలో, 2010లో ఫలితాలొచ్చేసరికి, ఇవ్వనివాళ్లకన్నా ఇచ్చినవాళ్లే ఎక్కువగా పడ్డారు.

అపోహ: చేతికర్ర పడితే ముసలోళ్లమైపోతం

సరైన కర్ర ఉన్నవాళ్లు ఒంటరిగా గుడికి పోయొస్తారు. చెయ్యి కిందికి వదిలితే మణికట్టు గీత దగ్గరికి కర్ర పిడి రావాలి. నొప్పి ఉన్న కాలికి ఎదురు చేత్తో పట్టుకోవాలి, చాలామంది అదే వైపు పట్టుకుంటారు. కింద రబ్బరు అరిగితే మార్చాలి. తాత వాడిన కర్ర అవ్వకు సరిపోదు.

అపోహ: పడగానే లేపి నిలబెట్టి, నూనె రాసి రుద్దాలె

ముందు ఆగండి. గజ్జల్లో నొప్పి, ఒక కాలు పొట్టిగా అయి పాదం బయటికి తిరిగి ఉండడం, కాలు మీద బరువు మోపలేకపోవడం తుంటి విరిగిన గుర్తులు. లేపకుండా 108కు ఫోన్ చేయండి. రుద్దితే, నాటు కట్టు కడితే విరిగిన ముక్కలు ఇంకా కదులుతాయి. "నడుస్తుంది కదా, విరగలేదు" అన్నదీ నమ్మొద్దు. ముక్కలు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్నప్పుడు కొన్నాళ్లు కుంటుతూ నడవగలరు. గజ్జల్లో నొప్పి తగ్గకపోతే ఎక్స్‌రే తీయించాల్సిందే. తలకు దెబ్బ తగిలి, గుండెకో పక్షవాతానికో రక్తం పలచబడే గోలీలు వాడుతున్నవాళ్లయితే బాగానే కనిపించినా అదే రోజు ఆసుపత్రికి తీసుకుపోండి. తలలో రక్తం మెల్లగా చేరి రోజులు, వారాల తర్వాత తలనొప్పి, మత్తు, తికమక రూపంలో బయటపడొచ్చు.

అపోహ: ఈ వయసుల ఆపరేషన్ ఎందుకు, మంచంల పెట్టి చూసుకుంటం

85 ఏళ్లవాళ్ల విషయంలో నేను ఎక్కువగా వినే మాట ఇది. ఆపరేషన్ తట్టుకోలేరని భయపడతారు. కానీ విరిగిన తుంటితో మంచంలో పడుకోవడం అంతకన్నా ప్రమాదం. పుండ్లు పడతాయి, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది, కాళ్ల నరాల్లో రక్తం గడ్డకడుతుంది, కదిపినప్పుడల్లా నొప్పి. వయసు ఒక్కటే అడ్డు కాదు. గుండె, కిడ్నీలు చూసి ఎవరికి వీలుపడదో డాక్టర్లే చెప్తారు. వీలైతే రెండు రోజుల్లోపే ఆపరేషన్ జరగడం మేలు. చుట్టాలందరూ వచ్చి మాట్లాడుకునేదాకా వారం ఆపొద్దు. ఖర్చు భయమైతే ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను మొదటి రోజే అడగండి. చాలామందిని ఆపరేషన్ మర్నాడే వాకర్‌తో నిలబెడతాం. అది చూసి ఇంట్లోవాళ్లు కంగారుపడతారు, వద్దంటారు. నిలబడనివ్వండి. ఆ నాలుగు రోజుల్లో ఇంటి దగ్గర ఉన్నవాళ్లు బాత్రూంలో కడ్డీ బిగించి, నవారు మంచం మార్చి, దారిలో బల్బు పెట్టి ఉంచితే, డిశ్చార్జి అయిన రోజు నుంచే అవ్వ తన కాళ్ల మీద తను బాత్రూంకు పోగలదు.