ఉద్యోగం తీసేసి పరువు తీశారంటే: ఇంగ్లండ్ చట్టంలో అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో ఉద్యోగ వివాదాలు చూసే సాలిసిటర్‌ని. ఉద్యోగం పోయి నా దగ్గరికొచ్చే మనవాళ్లు చాలామంది మొదట అనే మాట, "జీతం సంగతి తర్వాతండీ, నా పరువు తీశారు" అని. ఆ బాధ నిజమైనదే. కానీ ఆ ఆవేశంలో నమ్మే కొన్ని మాటలు మనిషిని అప్పుల్లోకి దించుతాయి.

అపోహ: డిస్మిసల్ లెటర్‌లో దొంగ అని రాశారు, అది చాలు.

చాలదు. మీకే రాసి మీకే ఇచ్చిన లెటర్ మీద దావా నిలవదు. ఆ మాట మూడో మనిషికి చేరి ఉండాలి. ఒకాయన డిస్మిసల్ మెయిల్ ప్రింటు తెచ్చారు. "గ్రాస్ మిస్‌కండక్ట్" (తీవ్రమైన దుష్ప్రవర్తన) అన్న మాట కింద ఎర్ర పెన్నుతో మూడు గీతలు. నేను ముందు చూసింది పైనున్న సీసీ వరుస. అందులో మేనేజరు, హెచ్‌ఆర్, అంతే. వాళ్లకు చేరితే ఎందుకు సరిపోదో కింద చెబుతాను. పనికొచ్చేది ఆయన పెద్దగా పట్టించుకోని రెండో కాగితంలో ఉంది. టీమ్ వాట్సాప్ గ్రూపులో ఒక సహోద్యోగి "డబ్బు కొట్టేసి దొరికిపోయాడు" అని పెట్టిన స్క్రీన్‌షాట్ అది.

అపోహ: అన్నది అబద్ధమని తేలితే గెలిచినట్టే.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. చెప్పాల్సిన బాధ్యత ఒకరికి, తెలుసుకోవాల్సిన అవసరం మరొకరికి ఉన్నప్పుడు, ఆ మాటకు క్వాలిఫైడ్ ప్రివిలేజ్ అనే రక్షణ ఉంటుంది. విచారణలో మేనేజరు హెచ్‌ఆర్‌కు ఇచ్చే రిపోర్టు, పాత యజమాని కొత్త యజమానికి ఇచ్చే రిఫరెన్స్ మామూలుగా దీని కిందికే వస్తాయి. మాట తప్పని తేలినా ఆ రక్షణ పోదు. పోవాలంటే మాలిస్ రుజువు చేయాలి, అంటే తాను చెప్పేది నిజమని ఆ మనిషే నమ్మలేదని, లేదా ప్రధానంగా మిమ్మల్ని దెబ్బతీయడానికే చెప్పాడని చూపించాలి. తొందరపాటు, ముందే పెట్టుకున్న దురభిప్రాయం సరిపోవని హారక్స్ వర్సెస్ లోవ్ కేసులో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పింది.

రిఫరెన్స్ దగ్గర మాత్రం ఇంకో దారి ఉంది, చాలామందికి తెలియదు. స్ప్రింగ్ వర్సెస్ గార్డియన్ అష్యూరెన్స్ తీర్పు (1994) ప్రకారం, నిర్లక్ష్యంగా తప్పుడు రిఫరెన్స్ ఇచ్చి నష్టం కలిగిస్తే మాలిస్ రుజువు చేయకుండానే నష్టపరిహారం అడగొచ్చు. పరువు నష్టం దావా కన్నా ఇదే నయమని నేను చాలాసార్లు చెబుతాను.

అపోహ: మనసు గాయపడింది, అది చాలదా?

2013 డిఫమేషన్ యాక్ట్ ప్రకారం మీ పేరుకు తీవ్రమైన హాని జరిగి ఉండాలి, లేదా జరిగే అవకాశం ఉండాలి. మాట ఎంత ఘోరమైనదో చూపిస్తే సరిపోదని, దాని వల్ల నిజంగా ఏం జరిగిందో చూడాలని 2019లో లషో కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఎంతమంది చదివారన్నదే ముఖ్యం కాదు. చదివింది ఒక్కరే అయినా, వాళ్లు మీకిచ్చిన ఉద్యోగం ఆఫర్ వెనక్కి తీసుకుంటే అది పెద్ద సాక్ష్యం.

అపోహ: ఉద్యోగ వివాదాలు వినే ట్రిబ్యునల్‌లో కేసు తేలాక చూద్దాం.

దయచేసి ఆగకండి. ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్ పరువు నష్టం వినదు, దానికి హైకోర్టుకు వెళ్లాలి. గడువు ఆ మాట బయటికొచ్చిన రోజు నుంచి ఒక్క ఏడాదే. ఉద్యోగ వివాదాల్లో రాజీ కుదిర్చే సంస్థ ఆకాస్ నడిపే రాజీ ప్రక్రియ ట్రిబ్యునల్ గడువును ఆపుతుంది గానీ ఈ ఏడాదిని ఆపదు. ట్రిబ్యునల్‌లో సాక్షులు చెప్పిన మాటల మీదైతే దావా అసలే వేయలేరు.

అపోహ: క్రిమినల్ కేసు పెట్టి భయపెడదాం.

మన దేశంలో ఉంది గానీ ఇక్కడ ఆ నేరాన్నే 2010లో ఎత్తేశారు. పరువు నష్టం సివిల్ దావాకు లీగల్ ఎయిడ్ (లాయర్ ఖర్చుకు ప్రభుత్వ సాయం) సాధారణంగా రాదు, ఓడితే అవతలివాళ్ల లాయర్ ఖర్చు కూడా మామూలుగా మీ మీదే పడుతుంది. ట్రిబ్యునల్‌లో సాధారణంగా ఎవరి ఖర్చు వాళ్లదే.

ఆ స్క్రీన్‌షాట్ నా చేతికి వచ్చేసరికే దానికి పది నెలలు నిండాయి. సహోద్యోగికి వెంటనే నోటీసు పంపాం. మా క్లయింటు కోర్టుకు వెళ్లలేదు. అదే వాట్సాప్ గ్రూపులో "నేను రాసింది తప్పు" అని పెట్టించుకున్నారు. కంపెనీ ఇవ్వబోయే రిఫరెన్స్‌లో ఉండాల్సిన మాటలను సెటిల్‌మెంట్ అగ్రిమెంట్‌లోనే పదం పదం రాయించాం.